పాలకొల్లు మాండలిన్‌కి ఐదు తీగలే ఎందుకు?

మాండలిన్‌కి మామూలుగా ఎనిమిది తీగలుంటాయి. రెండేసి చొప్పున నాలుగు జంటలు. మాండలిన్ శ్రీనివాస్ చేతిలో ఉండేదానికి మాత్రం ఐదే. అవీ ఒంటి తీగలు. ఆయన కచేరీ వీడియో ఏదైనా ఫోన్‌లో పెట్టి, స్క్రీన్‌ని రెండు వేళ్లతో పెద్దది చేసి లెక్కపెట్టుకోండి.

ఆ తగ్గిన మూడు తీగల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లంతా చెప్పేది ఒకటే. "బాల మేధావి అండి! ఆరేళ్లకే మాండలిన్ పట్టాడు, తొమ్మిదేళ్లకే కచేరీ చేశాడు, పద్నాలుగేళ్లకి బెర్లిన్ వెళ్లొచ్చాడు." అన్నీ నిజాలే. కానీ మేధావి అనేస్తే ఓ సౌకర్యం ఉంది. దేవుడిచ్చాడు, అయిపోయింది, ఇక మనం బుర్ర పెట్టక్కర్లేదు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఏదైనా బాగా పనిచేస్తోందంటే మూత తీసి లోపల ఏముందో చూడకపోతే నిద్ర పట్టదు. ఇక్కడ మూత తీస్తే కనిపించింది ఒక మొండి సమస్య, దానికి తెలివైన పరిష్కారం. అద్భుతం అన్న మాట కంటే నాకు అదే ఎక్కువ నచ్చింది.

పాలకొల్లు అనగానే క్షీరారామం గుర్తొస్తుంది. తర్వాత సినిమావాళ్లు గుర్తొస్తారు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ అందరిదీ ఆ ఊరే. 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టింది కూడా అక్కడే. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లూ నేను ఆ ఊరికి బస్సులో గంటన్నర, మహా అయితే రెండు గంటల దూరంలోనే ఉన్నాను. హాస్టల్లో మెటల్ బ్యాండ్ల పేర్లు వరసగా ఓ యాభై చెప్పేవాళ్లం. ఈ పేరు మాత్రం ఒక్కరి నోట కూడా రాలేదు.

గాంధారం కర్రలా నిలబడింది

నేను ఈ కథలోకి వచ్చింది సంగీతం క్లాసులోంచి కాదు, కరెంటు గుయ్‌మనే చప్పుడులోంచి.

కాలేజీలో కలిసిన ముగ్గురం మేం. నేను గిటార్, ఒకడు కీబోర్డ్, ఇంకొకడు కాహోన్. పాటలు రాయడం మాకు రాదు, పాడటం అసలే రాదు. కాబట్టి మాటల్లేని సంగీతమే గతి. ఉద్యోగాలొచ్చాక నాది హైదరాబాద్ కంపెనీ అయినా ఎక్కువ రోజులు ఏలూరులో ఇంటి పైగదిలోంచే పని. కాహోన్ వాడికి ఆగస్టులో డల్లాస్ ప్రయాణం ఖాయమైంది. వాడు విమానం ఎక్కేలోపు ఒక్క ట్యూన్ అయినా పూర్తిగా రికార్డు చేసి బయట పెట్టాలని పట్టుబట్టాం.

ఏలూరులో మా వీధి హారన్లకి మైకు పెట్టలేం. కీబోర్డ్ వాడిది కైకలూరు దగ్గర పల్లె, వాళ్లకి చేపల చెరువులున్నాయి. రాత్రిపూట అక్కడికి పోయేవాళ్లం. కొల్లేరు పక్కన రాత్రిళ్లు నిశ్శబ్దంగా ఉంటుందనుకునేవాళ్లు ఎప్పుడూ చెరువుగట్టున పడుకోలేదన్నమాట. చేపలకి ఆక్సిజన్ అందాలని ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. దానికి తోడు గిటార్‌ని ఇంటర్‌ఫేస్‌కి తగిలించగానే స్పీకర్లలో సన్నగా గుయ్ మని మోత. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కదా, ఆ 50 హెర్ట్జ్‌ని గిటార్ పికప్ పట్టేస్తుంది.

ఈ మోతని సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చు. కానీ దానితో పాటు గిటార్ గొంతు కూడా కొంత పోతుంది. లెక్కవేస్తే ఒక విషయం తట్టింది. 50 హెర్ట్జ్ అంటే జి అనే స్వరం కింది స్థాయిలో ఉండే చోటుకి దాదాపు పక్కనే. అది 49. ఈ మోతలో 50తో పాటు 100, 150 కూడా వినిపిస్తాయి. 50 షడ్జమం అనుకుంటే 100 పై షడ్జమం, 150 పంచమం. సా, పా, సా! ఇంతకంటే తంబూరా ఏం కావాలి? గిటార్ శ్రుతిని ఒక మెట్టులో మూడో వంతు పైకి లాగి కరెంటుకి కలిపేశాం. విద్యుత్ శాఖ వారి శ్రుతి పెట్టె. ఏరియేటర్ల చప్పుడు కూడా అలాగే వదిలేశాం.

ట్యూన్ ఆభేరిలో అనుకున్నాం. తెలుగువాడికి ఆభేరి చిన్నప్పటి నుంచీ సినిమా పాటల్లోంచి చెవిలో ఉంటుంది. రెండు వారాల్లో ఒక రూపానికి వచ్చింది. కీబోర్డ్ వాడి తాతగారు వరండాలో మంచం మీద పడుకుని రోజూ వింటున్నారు. ఒక రాత్రి ఉండబట్టలేక లేచి కూర్చున్నారు.

"ఒరేయ్ అబ్బాయిలూ, రాగం ఆభేరే, కాదన్ను. కానీ గాంధారం అలా కర్రలా నిలబడిపోయిందేంట్రా?"

"గిటార్‌కి మెట్లుంటాయి కదా తాతయ్యా, ఏ మెట్టు మీద నొక్కితే ఆ స్వరమే వస్తుంది" అన్నాడు మావాడు.

"మన పాలకొల్లు శ్రీనివాస్‌ది మాత్రం మెట్లున్న వాయిద్యం కాదేంటి? ఆయన్ది ఊగేది గదా!"

ఆ రాత్రి మూడు గంటల దాకా విన్నాం. నిజంగానే ఊగుతోంది.

రెండు తీగలు కలిసి నడవవు

గమకం అంటే స్వరాన్ని ఉన్నచోట నిలబెట్టకుండా ఊపడం, జార్చడం, పక్క స్వరాన్ని తాకించి తేవడం. కర్ణాటక సంగీతానికి ప్రాణం అదే. గొంతుకి అది సహజం. వయొలిన్‌కీ ఇబ్బంది లేదు, మెట్లు ఉండవు కాబట్టి వేలు ఎక్కడికైనా జారుతుంది. మెట్లున్న వాయిద్యంలో మాత్రం మెట్టు దగ్గర నొక్కిన తీగని పక్కకి లాగాలి. లాగితే బిగువు పెరుగుతుంది, బిగువు పెరిగితే స్వరం పైకి పోతుంది. వీణ మీద జరిగేది ఇదే. మన నూజివీడులో చేసే వీణల్ని దగ్గరగా చూడండి. ఇత్తడి మెట్లు ఎత్తుగా, మైనం మీద కూర్చుని ఉంటాయి. తీగని లాగడానికి వేలికి బోలెడంత చోటు.

ఇప్పుడు మామూలు మాండలిన్ తీసుకోండి. మెడ సన్నం, మెట్లు ఇరుకు, తీగల బిగువు ఎక్కువ. పైగా ప్రతి స్వరానికీ జంట తీగలు. రెండింటినీ ఒకే శ్రుతికి, 440 హెర్ట్జ్‌కి కలిపారనుకుందాం. వేలితో జంటని పక్కకి లాగి ఒక మెట్టు పైకి, అంటే 466కి తేవాలి. ఒకటి 466కి వచ్చింది, పక్కది 462 దగ్గరే ఆగింది. ఆ నాలుగు తేడా చాలు. సెకనుకి నాలుగుసార్లు వావ్ వావ్ అని కొట్టుకుంటుంది. అది గమకం కాదు, అపశ్రుతి. రెండు తీగల్నీ ఒకే వేలితో, ఒకే కొలతలో, వందల సార్లు, అదీ వేగంగా లాగడం మానవమాత్రుడికి అయ్యే పని కాదు.

ఇంకో చిక్కు. మామూలు మాండలిన్ తీగ మీటగానే ఠింగ్ మని మోగి ఆరిపోతుంది. తీగలోని శక్తంతా బోలు పెట్టెని, దాంట్లోని గాలిని కదిలించడానికే ఖర్చయిపోతుంది. అందుకే సినిమా పాటల్లో మాండలిన్ ఎప్పుడూ గలగలా ఒకే స్వరాన్ని పదేపదే మీటుతూ వినిపిస్తుంది. స్వరం బతికి ఉండాలంటే మీటుతూనే ఉండాలి. ఊపేలోపే ఆరిపోయే స్వరంతో ఆలాపన ఏం చేస్తాం?

మూడోది, స్థాయి. కింది స్వరాలు చాలవు.

శ్రీనివాస్ మాండలిన్‌లో ఈ మూడింటికీ జవాబుంది. జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, కాబట్టి కొట్టుకోవడం పోయింది. బోలు పెట్టె బదులు ఎలక్ట్రిక్ వాయిద్యం. తీగ కాసింత కదిలినా పికప్ పట్టుకుని ఆంప్లిఫయర్‌కి పంపిస్తుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. కింది స్థాయి కోసం ఐదో తీగ. మన భాషలో చెప్పాలంటే ఉన్న కోడ్‌కి అతుకులు వేయలేదు, డిజైనే మార్చేశారు. బయటికి మాత్రం అది ఇప్పటికీ మాండలినే. అంతే చిన్నది, ఒళ్లో పెట్టుకుంటే బొమ్మలా ఉంటుంది.

గురువుకి మాండలిన్ రాదు

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. శ్రీనివాస్ ఆరేళ్లప్పుడు నాన్న సత్యనారాయణ గారి మాండలిన్ పట్టుకున్నారు. పిల్లాడి చేతిలో విషయం ఉందని గమనించి, సత్యనారాయణ గారికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు నేర్పడం మొదలుపెట్టారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ దగ్గర నేర్చుకున్న గాయకులు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. అందుకని పాడేవారు. కుర్రాడు విని, అదే మాండలిన్ మీద పలికించేవాడు.

ఆగి ఆలోచించండి. మాండలిన్ వచ్చిన గురువు అయితే ఏం చేసేవారు? వేలు ఇక్కడ పెట్టు, ఇలా మీటు, ఇది ఈ వాయిద్యం మీద రాదు, వదిలేయ్ అనేవారు. అంటే వాయిద్యం పరిమితులు కూడా పాఠంలో కలిసి వచ్చేసేవి. సుబ్బరాజు గారికి ఆ పరిమితులే తెలియవు. ఆయన గొంతులో గాంధారం ఊగింది, కాబట్టి మాండలిన్ మీదా ఊగాలి, అంతే. ఎలా అన్నది పిల్లాడి తలనొప్పి. మా ఆఫీసులో క్లయింట్లు ఇలాగే ఉంటారు, ఏం కావాలో చెప్తారు, ఎలా చేయాలో చెప్పరు. తిట్టుకుంటాం గానీ మంచి ప్రాడక్టులు చాలాసార్లు అలాంటి క్లయింట్ల వల్లే పుడతాయి.

ఇంట్లో రికార్డింగ్ అంటే మనకి లాప్‌టాప్, మైకు, హెడ్‌ఫోన్స్. ఆ ఇంట్లో గొంతు ఇన్‌పుట్, తీగ అవుట్‌పుట్. మధ్యలో ఉన్న యంత్రం ఒక ఆరేళ్ల పిల్లాడి చెవి.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. పాలకొల్లు నుంచి గుడివాడకి రైల్లో వెళ్తే భీమవరం, ఆకివీడు, కైకలూరు మీదుగా, కొల్లేరుకి దక్షిణపు అంచున పోతాం. మేం రాత్రిళ్లు రికార్డింగ్ చేసుకున్న ఊరు ఆ దారిలోనిదే అని తర్వాత మ్యాప్ చూస్తే అర్థమైంది. 1981లో మద్రాసు డిసెంబరు సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. ఈ మెట్లన్నీ అందరూ చెప్పేవే, నేను సాగదీయను.

ఒక్కమాట మాత్రం. కర్ణాటక సంగీతానికి ఈ విదేశీ వాయిద్యం ఎందుకు అన్న ప్రశ్న అప్పట్లో ఉండేది. వయొలిన్ మాత్రం ఎక్కడిది? రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితార్ కాలంలో మన సంగీతంలోకి వచ్చిందే. ఇవాళ వయొలిన్ లేని కచేరీ పెళ్లికొడుకు లేని పెళ్లిలా ఉంటుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విన్నాక అది పరాయి వాయిద్యం అని ఎవరంటారు? వాయిద్యానికి పాస్‌పోర్ట్ ఉండదు. గమకం పలికిందా లేదా, అదొక్కటే లెక్క.

తీగ సాగదీసే ముగ్గురు

ఆల్బమ్‌ల దగ్గరికొద్దాం. శ్రీనివాస్ కచేరీ క్యాసెట్లు, సీడీలు బోలెడున్నాయి. నేను మాట్లాడుతోంది వాటి పక్కనుంచి మొదలైన ఇంకో దారి గురించి.

ఇంగ్లండ్‌లో రాక్ గాయకుడు పీటర్ గాబ్రియేల్ పెట్టిన రియల్ వరల్డ్ అనే లేబుల్ ఉంది. నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ని పాశ్చాత్య యువతరానికి వినిపించింది వాళ్లే. ఆ లేబుల్ మీద శ్రీనివాస్‌వి రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. 1994లో 'రామ శ్రీరామ', 1995లో 'డ్రీమ్'. మొదటిది శాస్త్రీయం. రెండోది కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో కలిసి చేసింది.

ఈ బ్రూక్ ఎవరో తెలిశాక నాకు భలే సరదా వేసింది. ఆయన 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేసిన మనిషి. తీగ మోత ఎప్పటికీ ఆరిపోకుండా, వేలు తీసేదాకా స్వరం నిలిచి ఉండేలా చేసే ఏర్పాటు అది. యూ2 బ్యాండ్ గిటారిస్టు ఎడ్జ్ వాడిన ఇన్ఫినిట్ గిటార్ కూడా ఆయన ఇచ్చిందే. అంటే ఒకరు ఠింగ్ మని ఆరిపోయే తీగని నిలబెట్టడానికి వాయిద్యాన్ని మార్చుకున్న పాలకొల్లు మనిషి. ఇంకొకరు అదే పనికి టొరంటో నుంచి యంత్రం కట్టిన మనిషి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటే 'డ్రీమ్' వచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ ఆల్బమ్ అంతా నాకు ఒకేలా నచ్చలేదు. కొన్నిచోట్ల చుట్టూ పొగమంచు మరీ దట్టమై మాండలిన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. పొగమంచు విడిపోయి మాండలిన్ ఒక్కటే పైకి లేచే ఘడియలు మాత్రం ఉన్నాయి. అర్ధరాత్రి, లైటు తీసేసి, మంచి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. బస్సులో వింటే దండగ.

మూడో మనిషి జాన్ మెక్‌లాఫ్లిన్. ఇంగ్లిష్ గిటారిస్టు. మహావిష్ణు ఆర్కెస్ట్రాతో చెవులు చిల్లులు పడేంత జోరుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయించి, 1970ల మధ్యలో ఉన్నట్టుండి అకూస్టిక్ గిటార్‌తో కింద కూర్చుని 'శక్తి' అనే బ్యాండ్ మొదలుపెట్టాడు. పక్కన ఎల్.శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం. తొలి ఆల్బమ్ 1975 జులై 5న అమెరికాలో లాంగ్ ఐలాండ్‌లోని ఒక కాలేజీలో, జనం ముందు వాయిస్తూ రికార్డు చేసింది. 1977కల్లా మూడు ఆల్బమ్‌లు వచ్చేశాయి, తర్వాత బ్యాండ్ ఆగిపోయింది.

ఆయన అంతకుముందే అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీలో ఎస్.రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. వీణ పట్టుకున్నవాడికి గిటార్ లోపం వెంటనే తెలిసిపోతుంది. అందుకని శక్తి రోజుల్లో గిబ్సన్‌లో ఏబ్ వెక్టర్ చేత ప్రత్యేకంగా గిటార్ చేయించుకున్నాడు. మెట్టుకీ మెట్టుకీ మధ్య చెక్కని గిన్నెలా లోపలికి తొలిచారు, తీగని వీణ మీదలా లాగడానికి. కింద అడ్డంగా ఏడు అదనపు తీగలు, తంబూరాలా మోగడానికి.

చూశారా? అక్కడో ఇంగ్లిష్ మనిషి గమకం కోసం గిటార్ చెక్కని తొలిపించుకున్నాడు. ఇక్కడో గోదావరి జిల్లా కుర్రాడు అదే గమకం కోసం జంట తీగల్ని వదిలేశాడు. ఒకాయన తీగలు కలిపాడు, ఇంకొకాయన తీసేశాడు. వాళ్లిద్దరూ ఒక బ్యాండ్‌లో కలవకపోతేనే ఆశ్చర్యపోవాలి.

'రిమెంబర్ శక్తి' పేరుతో మెక్‌లాఫ్లిన్, జాకిర్ మళ్లీ మొదలుపెట్టాక 1999లో శ్రీనివాస్ వచ్చి చేరారు. వినాయకరామ్ గారబ్బాయి సెల్వగణేశ్ కంజీర, ఘటం. ఆ ఏడాది కచేరీల్లోంచి తీసిన 'ది బిలీవర్' 2000లో వచ్చింది. నా మటుకు ఈ వరసంతటిలో శిఖరం అదే. పాట పాడేవాళ్లు లేరు, నలుగురే మనుషులు. మెక్‌లాఫ్లిన్ ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్‌కి వచ్చేశాడు. రెండు ఎలక్ట్రిక్ వాయిద్యాలు పక్కపక్కన వాయిస్తుంటే మొదట్లో ఎవరిది ఏదో తెలియదు. ఒక చిట్కా చెప్తాను. స్వరం నిటారుగా పరుగెత్తితే గిటార్. పరుగెత్తుతూ కూడా ఒళ్లు విరుచుకుంటూ, ఊగుతూ పోతే మాండలిన్.

'లోటస్ ఫీట్' అనే మెక్‌లాఫ్లిన్ రచన శక్తి తొలి ఆల్బమ్‌లో ఉంది, 'ది బిలీవర్'లోనూ ఉంది. రెండూ వరసగా వినండి. పాత దాంట్లో వయొలిన్ పాడినచోట కొత్త దాంట్లో మాండలిన్ పాడుతుంది. వయొలిన్‌కి కమాను ఉంది, స్వరాన్ని ఎంతసేపైనా లాగొచ్చు. మాండలిన్‌కి ఉన్నది ఒక్క మీటు. ఆ ఒక్క మీటులో దొరికిన కాస్త ఆయుష్షులోనే స్వరాన్ని ఎక్కించి, ఊపి, దింపాలి. శ్రీనివాస్ దానికి తొందరపడరు. మీటి ఆగుతారు. తీగ తన పని తాను చేసుకునేదాకా చూస్తారు.

మా ట్యూన్‌కి దీనివల్ల ఒరిగిందేంటంటారా? గిటార్‌కి సన్నటి తీగలు వేయించాను. గాంధారాన్ని దాని మెట్టు మీద కాకుండా కింది మెట్టు మీద నొక్కి, లాగి తెచ్చాను. మా కీబోర్డ్ వాడు పిచ్ వీల్ తిప్పి అరనిమిషంలో అదే చేస్తానన్నాడు. చేశాడు కూడా. విని ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని డిలీట్ కొట్టాం. ఏం తేడా అంటే చెప్పడం కష్టం. చక్రం తిప్పినప్పుడు స్వరానికి బరువు ఉండదు. తీగ లాగినప్పుడు వేలికి ఎదురు తిరుగుతుంది, ఆ ఎదురు తిరగడం వినిపిస్తుంది. వేళ్ల చివర్లు కాయలు కాశాయి. ఆగస్టు మొదటివారంలో నాలుగు నిమిషాల పది సెకన్ల ట్యూన్ యూట్యూబ్‌లో పెట్టాం. ఏరియేటర్లు, కరెంటు తంబూరా అన్నీ ఉన్నాయి. విన్నవాళ్లలో సగం మంది చుట్టాలే. తాతగారు మాత్రం విని, "ఇప్పుడు కాస్త కదిలింది" అన్నారు. ఆ తర్వాత డల్లాస్‌కీ ఏలూరుకీ మధ్య ఫైళ్లు పంపుకుంటూ ఇంకో రెండు చేశాం. అవి శుభ్రంగా వచ్చాయి. మొదటిదాంట్లో ఉన్నదేదో వాటిలో లేదు. ఏరియేటర్ అయి ఉంటుంది.

సుత కాస్తా సుధ అయింది

రిమెంబర్ శక్తి తర్వాతి ఆల్బమ్ 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే'. 2000 డిసెంబరులో ముంబయిలో జరిగిన కచేరీలవి, 2001లో విడుదలైంది. ఇందులో జనం ఎక్కువ. సంతూర్ శివకుమార్ శర్మ, శివమణి, గాయకుడు శంకర్ మహదేవన్. పండగ ఇల్లులా ఉంటుంది. నలుగురే కూర్చున్న 'ది బిలీవర్'లోని ఏకాంతం ఇందులో లేదు, దానికి నాకు కొంచెం బెంగే. కానీ తెలుగువాడు వినక తప్పని ట్రాక్ ఒకటుంది. పేరు 'గిరిరాజ్ సుధ', శ్రీనివాస్ పేరు మీద ఉంది. ఏంటా అని చూస్తే త్యాగరాజస్వామి బంగాళ రాగంలో చేసిన 'గిరిరాజసుతా తనయ' కీర్తన. పర్వతరాజు కూతురి కొడుకు, అంటే వినాయకుడు. ఇంగ్లిష్ అక్షరాల్లో పడేసరికి సుత కాస్తా సుధ అయిపోయింది. అచ్చులో అర్థం జారిపోయినా, కీర్తన మాత్రం చెక్కుచెదరలేదు. రాక్ కచేరీలకి వచ్చే జనం చేత ఒక త్యాగరాజ కీర్తనకి ఈలలు వేయించిన రికార్డింగ్ అది.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశారు. కాలేయ మార్పిడి తర్వాత వచ్చిన సమస్యలు. 45 ఏళ్లు. అప్పటికి పద్మశ్రీ వచ్చి పదహారేళ్లు. ఆయన తమ్ముడు రాజేశ్ కూడా మాండలిన్ విద్వాంసుడే. మెక్‌లాఫ్లిన్ 2008 ఆల్బమ్ 'ఫ్లోటింగ్ పాయింట్'లో వినిపించే మాండలిన్ ఆయనదే. అన్న వాయించినట్టే ఉంటుందనుకుని వెళ్లకండి, ఈయన నడక వేరు. నాకు అందులో జాజ్ పాలు కాస్త ఎక్కువగా వినిపిస్తుంది.

శక్తి పేరుతో 2023లో మళ్లీ ఆల్బమ్ వచ్చింది, 'దిస్ మూమెంట్'. 2024 ఫిబ్రవరిలో గ్రామీ గెలిచింది. మన ఫోన్లలో నోటిఫికేషన్లు మోగిపోయాయి, జాకిర్ హుస్సేన్, శంకర్ మహదేవన్ ఫొటోలు తిరిగాయి. జాకిర్ గారూ అదే ఏడాది డిసెంబరు 15న వెళ్లిపోయారు. ఆ గ్రామీ వార్తల్లో మన జిల్లా పేరు ఎక్కడా కనపడలేదు. కనపడాల్సిన కారణం మాత్రం ఆల్బమ్ తెరవగానే ఉంది. మొదటి ట్రాక్ పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. శ్రీని అంటే మన శ్రీనివాసే.

అదే ఆల్బమ్‌లో ఐదో ట్రాక్‌గా 'గిరిరాజ్ సుధ' మళ్లీ ఉంది. కొత్త బృందంలో గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది, మాండలిన్ లేదు. ముందు 2001ది పెట్టుకోండి, వెంటనే 2023ది. శంకర్ మహదేవన్ గొంతు రెండింట్లోనూ ఉంటుంది కాబట్టి దారి తప్పరు. గొంతు ఆగిన ప్రతిచోటా చెవి పెట్టి, అక్కడ ఎవరున్నారో చూడండి.